ఆపవలసిన చేయి

పొడుగోడి ఎడమచేతి గుద్దు మళ్ళీ అక్కడే తగిలింది, సమ్మెట అని పేరుపడ్డ ముసలి బాక్సరు కంటికింద, మొదటి రౌండు నుంచీ ఉబ్బుతూ వస్తున్న చోటే. తడిబట్టను బండకేసి బాదిన చప్పుడు. అది చెవిన పడగానే ఆమెకు కడుపులో చల్లగా అనిపించింది, మండుటెండలో నడిచి వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు దిగినట్టు. ఇంకొకటి పడాలి, అనుకుంది. పడింది. రెండు కొండల్లాంటి మనుషుల చుట్టూ, వాళ్ళ భుజాల ఎత్తైనా లేని తను, లేతనీలం చొక్కాలో, మెత్తటి నల్లబూట్లతో, ఇద్దరి చేతులూ ఎప్పుడూ కంటబడేలా పక్కకి పక్కకి జరుగుతూ తిరుగుతోంది. తాళ్ళ అవతల చీకట్లో వేలమంది అరుస్తున్నారు. ఎంతమంది అరిస్తేనేం, ఈ తాళ్ళ మధ్య పోటీని ఆపే అధికారం ఉన్నది రిఫరీకి, అంటే ఆమెకే. ఒక్కసారి చెయ్యి అడ్డంగా ఊపితే చాలు, అయిపోతుంది, సమ్మెట ఓడినట్టు, ఇంటికి పోయినట్టు, ముఖం మీద మంచుగడ్డ పెట్టుకుని పడుకున్నట్టు. ఆ చేతిని ఆమె నడుం దగ్గరే ఉంచుకుంది. తొందరేముంది. మా అన్న పన్నెండేళ్ళుగా పడుతున్నాడు, నువ్వు ఇంకో రెండు రౌండ్లు పడితే నీ సొమ్మేం పోయింది.

అసలు ఈ పోటీకి రిఫరీ వేరే అతను. పొద్దుటి నుంచీ కడుపు పట్టుకుని లేవలేకపోయాడట. మధ్యాహ్నం ఫోన్ వచ్చేసరికి ఆమె వదిన కుట్టుషాపులో కూర్చుని, అన్న చొక్కాలకు గుండీలు తీసేసి వాటి చోట అతుక్కునే పట్టీలు కుడుతున్న వదిన చేతులనే చూస్తోంది. అన్న వేళ్ళకు ఇప్పుడు గుండీ లొంగదు, ఇంకొకరు పెడతామంటే ఒప్పుకోడు. ఫోన్ చేసిన పోటీల పర్యవేక్షకుడు కొత్తాయన, వేరే చోటి నుంచి వచ్చినవాడు, పాత సంగతులేవీ తెలియవు. నీకేం అభ్యంతరం లేదు కదమ్మా అన్నాడు. నాకేం అభ్యంతరం సార్ అంది ఆమె, అంత తేలిగ్గా, బస్సులో పక్కసీటు అడిగినవాళ్ళకు జరిగి చోటిచ్చినట్టు. మిషన్ చప్పుడు ఆగిపోయింది. “వెళ్ళకు అమ్మాయీ” అంది వదిన. ఎందుకు వదినా అంటే, “నీ మొహం ఒకసారి అద్దంలో చూసుకో, తెలుస్తుంది” అంది. షాపులో నిలువుటద్దం ఉంది. ఆమె చూసుకోలేదు. సంచీ తీసుకుని వచ్చేసింది. దారి పొడుగునా ఒకటే మాట నోట్లో నానుతూ ఉంది, దేవుడున్నాడు, దేవుడున్నాడు అని, ఎప్పుడూ దేవుడి ఊసెత్తని మనిషికి.

సమ్మెట కుడిచెయ్యి విసిరాడు. గాలికి తగిలింది. పొడుగోడు అప్పటికే అక్కడ లేడు, అరచేతి మందం పక్కకి తల వంచి, ఆ వంచడంలోనే రెండు అడుగులు తిరిగి, చిన్నగా, విసుగు లేకుండా, తలుపు తట్టినట్టు మూడు గుద్దులు పెట్టాడు. ఎంత బాగా నేర్పారో వీడికి. అన్న కూడా ఇంతే. లారీలు బాగుచేసే షెడ్డు వెనక, పైకప్పు నుంచి దారాలు కట్టి వాటికి ఇనప నట్లు వేలాడదీసి, అన్నీ ఒకేసారి ఊపి, వాటి మధ్య నుంచి తల ఒక్కదానికీ తగలకుండా ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళేవాడు, అంత భారీ మనిషి, నీళ్ళలో చేప వెళ్ళినట్టు. ఎవరికీ దొరకడని నీడ అని పేరు పెట్టారు. “కొట్టడం ఎవడికైనా వస్తుంది బుజ్జీ, తగలకుండా నిలబడటం ఉందే, అదీ చదువు” అనేవాడు చెమట తుడుచుకుంటూ. మీదికొచ్చిన ఒక్కొక్కడి చేతా మూడు చెరువుల నీళ్ళు తాగించి, చివరికి వాడి ఆయాసం చూసి తనే జాలిపడి, రౌండు అయ్యాక వాడి భుజం తట్టేవాడు. ఆ తట్టడం కూడా భుజం నొప్పి పుట్టనంత సుతారంగా. ఇప్పుడు గుమ్మం దాటాలంటే గోడ పట్టుకుంటాడు. గోడని పట్టుకుని, ఒక కాలు ఎత్తి, ఎందుకెత్తాడో మరిచిపోయి అలాగే కొంచెంసేపు నిలబడతాడు.

గంట మోగింది. ఇద్దరూ ఎవరి మూలకు వాళ్ళు వెళ్ళారు. సమ్మెట మూలలో స్టూలు మీద కూలబడితే, అతని బావమరిది ముఖానికి తడిగుడ్డ అద్దుతున్నాడు. బట్టతల, సన్నటి మనిషి. ఆమె డాక్టరు వైపు చూసింది, డాక్టరు మెట్లెక్కి వచ్చి చిన్న లైటు వేసి ఆ కన్ను విప్పి చూసి, కనిపిస్తోందా అని వేళ్ళు చూపించి, దిగిపోతూ ఆమె చెవిలో, “ఇంకా పర్వాలేదు, కానీ కనిపెట్టుకుని ఉండండి, మీ ఇష్టం” అన్నాడు. మీ ఇష్టం. ఆ మాట ఎంత తియ్యగా ఉందో. డాక్టరు వెళ్ళాక బావమరిది తాళ్ళ మీదుగా వంగి, సమ్మెటకు వినబడకుండా, “మేడమ్, మీరే ఆపేయండి మేడమ్. నేను ఓటమి ఒప్పుకుని తువ్వాలు విసిరితే బావ నన్ను జన్మలో క్షమించడు. మా అక్క టీవీ ముందు కూర్చుని ఏడుస్తోంది” అన్నాడు. ఆమె అతని ముఖంలోకి చూసింది. నాకూ ఒక వదిన ఉందయ్యా, అనాలనిపించింది. సమ్మెట ముందుకు వెళ్ళి నిలబడి, రూలు ఎలా చెబితే అలా, గట్టిగా, “ఆడతావా?” అని అడిగింది. పగిలిన పెదవుల మధ్య నుంచి “ఆడతాను” అన్నాడు. అడిగాను, ఆడతానన్నాడు. నా తప్పేముంది. రూల్సు పుస్తకం ఎంత మంచిదో, ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాట వింటుంది.

పోటీకి ముందు ఇద్దరికీ రూల్సు చెప్పడానికి వెళ్ళినప్పుడు సమ్మెట తన గదిలో బల్ల మీద, కట్లు కట్టిన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, బస్సు తప్పిపోయిన ముసలాయనలా కూర్చుని ఉన్నాడు. జుట్టు నెరిసింది. పొట్ట దగ్గర చర్మం వదులైంది. ఆమె బెల్టు కింద కొట్టకూడదు, బ్రేక్ అంటే విడిపోవాలి అని అప్పజెబుతూ ఉంటే తల వంచుకుని విని, ఆఖర్న, “మీరు నీడ చెల్లెలు కదూ? ఆ రోజు మూలలో స్టూలు పట్టుకుని ఉన్నారు” అన్నాడు. అవును అంది. “అన్న ఎలా ఉన్నారు?” అన్నాడు. బాగున్నాడు అంది. పంటికింద రాయి పడ్డట్టయింది ఆ మాట. ఈమె వద్దు, వేరే రిఫరీ కావాలి అని ఒక్క మాట అనొచ్చు అతను, అనలేదు. ఎందుకంటాడు, అతనికి అది ఒక పోటీ, గెలిచిన అనేక పోటీల్లో ఒకటి. పైగా పరామర్శ ఒకటి. పన్నెండేళ్ళలో ఒకసారైనా గుమ్మం తొక్కినవాడివి కాదు, ఇప్పుడు నా ఎదురుగా పుండు మీద కారం చల్లి, అది మందనుకుంటున్నావు.

అప్పటి పోటీకి ముందు విలేకరుల దగ్గర ఇతనన్న మాట అందరికీ కంఠతా వచ్చింది. రౌండ్లన్నీ అతన్నే ఉంచుకోమనండి, నాకు ఒక్క సెకను చాలు అన్నాడు. నవ్వారు జనం. కంసాలివి వంద దెబ్బలు, కమ్మరిది ఒకటే దెబ్బ అని ఎవరో పేపర్లో రాశారు కూడా. అన్న ఆ పేపరు చదివి, “కమ్మరి దెబ్బకి ఇనుము కదలకుండా పడుండాలి కదే, నేనెందుకుంటాను” అని నవ్వాడు. అన్నట్టే ఉండలేదు. రౌండు తర్వాత రౌండు ఇతన్ని తాళ్ళ చుట్టూ తిప్పి తిప్పి, ఎద్దును గానుగకు కట్టి తిప్పినట్టు తిప్పాడు. ఆఖరి రౌండు సగం దాకా అంతా అన్నదే. జనం లేచి నిలబడి వాచీలు చూసుకుంటున్నారు. అప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ కుడిచెయ్యి, ఆమె కళ్ళు మూసుకోలేదు, చూస్తూనే ఉంది, అయినా రావడం కనిపించలేదు, అన్న తల తిరగడం ఒకటే కనిపించింది. సరే. అది ఆట. దానికి ఎవర్నీ ఏమనకూడదు, బరిలోకి దిగినవాళ్ళకు అది తెలుసు. కానీ అన్న అప్పటికే లేడు. తాళ్ళు వీపుకు ఆనుకుని నిలబెట్టబట్టి నిలబడ్డాడు తప్ప కళ్ళలో మనిషి లేడు, స్టూలు పట్టుకుని కిందనున్న ఆమెకే అది కనిపించింది, ఎదురుగా నిలబడ్డ ఇతనికి కనిపించలేదా? కనిపించింది. కనిపించాక ఇంకొకటి కొట్టాడు. దాని తర్వాత ఇంకొకటి. అప్పటి రిఫరీ పెద్దాయన, అటువైపు మూలలో చిక్కుకున్నాడు, పరుగెత్తి వచ్చేలోపు ఆ రెండూ పడిపోయాయి. ఆస్పత్రికి వచ్చి “ఒక్క సెకను ఆలస్యమైంది తల్లీ” అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆమె ఆయన ముఖం మీదే తలుపేసింది. ఆ తలుపు వేసిన చేత్తోనే తర్వాతి నెల రిఫరీ పరీక్షకు దరఖాస్తు చేసింది. నేనైతే ఆలస్యం చెయ్యను అని. ఎవరి అన్ననీ, ఎవరి కొడుకునీ అలా కానివ్వను అని.

అవును, అలాగే అనుకుంది. గంట మోగింది. “బాక్స్!” అంది, మొదలుపెట్టమని.

ఈ రౌండులో సమ్మెట చేతులు ఎత్తి పట్టుకోవడం కూడా మానేశాడు. కుడికన్ను మూసుకుపోయింది. ముక్కు నుంచి నెత్తురు గడ్డం మీదుగా కారి ఛాతీ మీద వెంట్రుకల్లో ఆగుతోంది. “బావా, చేతులు! చేతులెత్తు బావా!” అని మూలలో బావమరిది గొంతు చీరుకుపోతోంది. పొడుగోడు కొడుతున్నాడు, కానీ ఇందాకటిలా కాదు, ఒకటి కొట్టి ఆగుతున్నాడు. మంచివాడు, అదే వీడితో చిక్కు, అన్నలాగే. కొట్టరా. నీకు తెలీదు వీడెవడో. చచ్చిన పామని చూస్తున్నావు, ఇది కాటేసి చంపిన పాము. ఇంకో పోటు, ముక్కు మీద, మళ్ళీ అక్కడే, రేపు పొద్దున్న వీడు చెంచా పట్టుకుంటే చెంచా నోటికి అందకూడదు, వీడి భార్య చొక్కాలకు గుండీలు తీసేయాలి, మాట మధ్యలో ఆగిపోయి అదే, అదే, అదే అనాలి, ఎదుటివాళ్ళు ఆ మాటేదో వెతికి అందిస్తూ ఉండాలి. ఇదంతా ఆమె నోట్లో లేదు, ముఖంలో లేదు, ముఖం రిఫరీ ముఖం, చేతులు రిఫరీ చేతులు, ఎక్కడ నిలబడాలో అక్కడే నిలబడి ఉన్నాయి కాళ్ళు. పర్యవేక్షకుడు ముందువరసలో కాలు మీద కాలు వేసుకుని చూస్తున్నాడు. ఎవరూ ఏమీ అనలేరు. ముసలోడు ఇంకా నిలబడే ఉన్నాడు, అప్పుడప్పుడూ ఒక చెయ్యి విసురుతున్నాడు, ఆడతానన్నాడు, డాక్టరు పర్వాలేదన్నాడు.

పొడుగోడు ఒక అడుగు వెనక్కి వేసి, ఆమె వైపు చూశాడు. పళ్ళగార్డు మధ్య నుంచి, “మేడమ్?” అన్నాడు.

అంతే అన్నాడు. అందులో అంతా ఉంది. ఇంకా కొట్టాలా, మీరు చూడటం లేదా, ఈయన మా నాన్న వయసుకి దగ్గర్లో ఉన్నాడు మేడమ్, అని. ఆమె చెయ్యి నిజంగానే కొంచెం లేచింది. నడుం నుంచి మోచేతి ఎత్తు దాకా లేచింది. అక్కడి నుంచి ఇంకా జానెడు ఎత్తితే అయిపోయేది. “బాక్స్!” అని అరిచింది ఆమె నోరు.

వాడు వెళ్ళాడు. చెప్పిన మాట వినేవాడు కాబట్టి వెళ్ళాడు. రెండు గుద్దులు పెట్టాడు, వాటిలో బలం లేదు. సమ్మెట మోకాళ్ళు వంగాయి. వాడు మళ్ళీ ఆగి, మళ్ళీ ఆమె వైపు తల తిప్పాడు, అలా చూస్తూ ఎడమచెయ్యి కిందికి దించాడు. దించకురా, అని ఆమెకు లోపల వినబడింది, అది తన గొంతో అన్న గొంతో, నా వైపు కాదు అటు చూడు, ఎప్పుడూ ఎదుటివాడినే, అని. గొంతు బయటికి రాలేదు. సమ్మెట కుడిచెయ్యి కింది నుంచి, తుంటి దగ్గర నుంచి, మనిషి మొత్తం దాని వెనక వేలాడుతున్నట్టుగా పైకి వచ్చింది. పొడుగోడి దవడ కదిలింది. అంత పొడుగు మనిషీ అలాగే నిలబడ్డాడు, తాళ్ళు వీపుకు ఆనుకుని, ఆమె కళ్ళలోకే చూస్తూ. ఆ కళ్ళలో ఎవరూ లేరు.

సమ్మెట ఎడమచెయ్యి లేచింది. ఆమె కదిలింది, పరుగెత్తింది, ఇద్దరికీ మధ్య నాలుగడుగులు, అందదు, అందదని కాళ్ళకు ముందే తెలిసింది. కానీ ఆ ఎడమచెయ్యి గాలిలో ఆగిపోయింది. ఆగి, విప్పుకుని, వాడి చంకకిందికి వెళ్ళింది. రెండు చేతులతో ఆ పొడుగాటి శరీరాన్ని పట్టుకుని, తన నెత్తుటి ఛాతీకి ఆనించుకుని, సమ్మెట మెల్లగా మోకాళ్ళ మీద కూర్చుంటూ వాణ్ణి కింద పడుకోబెట్టాడు. ఆమె అలవాటు కొద్దీ వేలు ఎత్తి “ఒకటి” అంది. “లెక్క ఎందుకమ్మా, డాక్టర్ని పిలవండి” అన్నాడు సమ్మెట, ఆయాసపడుతూ, తిట్టినట్టు.

అప్పుడు ఊపింది చెయ్యి. రెండు చేతులూ ఊపింది, తలపైన, అడ్డంగా, మళ్ళీ మళ్ళీ. హాలంతా పైకప్పు ఎగిరిపోయేట్టు అరుస్తోంది. డాక్టరు వంగి పొడుగోడి పళ్ళగార్డు తీస్తున్నాడు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని వాడి తల పట్టుకుంది, ఆ తల చేతుల్లో బరువుగా, వెచ్చగా ఉంది, ఆమె చూపు మాత్రం సమ్మెట మీద ఉంది. జాలి లేదు. క్షమ రాలేదు. వస్తుందేమోనని ఒక్క క్షణం లోపల వెతుక్కుంది కూడా. ఇన్నాళ్ళూ మండినదానికన్నా ఎక్కువ మండింది. ఆగడం వచ్చురా నీకు. చెయ్యి లేచాక కూడా ఆపగలవు. మరి ఆ రోజు ఎక్కడ దాచావు ఈ ఆగడం, మా అన్న దగ్గరికొచ్చేసరికి ఎక్కడ పెట్టి మరిచిపోయావు? ఈ ప్రశ్న వెంటే ఇంకొకటి లేచింది, దాన్ని ఆమె అణిచేయబోయింది, అణగలేదు. అతను ఆపాడు. మరి నువ్వు?

పొడుగోడు కళ్ళు తెరిచి, “ఏ రౌండు?” అన్నాడు. లేచి కూర్చున్నాడు. నీళ్ళు పుక్కిలించాడు. నిలబడ్డాడు, జనం చప్పట్లు కొట్టారు. ఆమె మధ్యలో నిలబడి, ఎడమచేత్తో వాడి మణికట్టూ కుడిచేత్తో సమ్మెట మణికట్టూ పట్టుకుంది, గెలిచినట్టు సమ్మెట పేరు చదవగానే అతని చెయ్యి పైకెత్తాలి. ఎత్తింది. ఆ చెయ్యి ఎంత బరువంటే ఆమె ఒక్కతే ఎత్తలేకపోయింది, అతనే సాయం చెయ్యాల్సి వచ్చింది. దించాక ఆ చేతిని వెనక్కి తీసుకోలేదు అతను, రెండు గ్లవ్స్ మధ్యా ఆమె చేతిని పెట్టుకుని, తెరుచుకుని ఉన్న ఒక్క కంట్లోంచి నీళ్ళు కారుతూ ఉంటే, “ఇంకెవరైనా అయితే ఎప్పుడో ఆపేసేవారమ్మా. మీరు ఆపలేదు. నా మీద నమ్మకం ఉంచారు. మీ అన్న విషయంలో కూడా మనసులో పెట్టుకోకుండా... మీ రుణం తీర్చుకోలేను” అన్నాడు. కిందికి దిగితే పర్యవేక్షకుడు ఎదురొచ్చి, “భలే ఆడించావమ్మా! ముసలోడికి న్యాయం చేశావు” అని చెయ్యి కలిపాడు. చెయ్యి కలిపింది. ఏం చేస్తుంది.

బట్టలు మార్చుకునే గదిలో బల్ల మీద కూర్చుని ఒక బూటు ముడి విప్పింది. ఫోను మోగుతోంది. వదిన. ఎత్తగానే వదిన “ఇదిగో, మీ అన్న మాట్లాడతాడట, టీవీలో పోటీ చూసిన దగ్గర నుంచీ ఫోను ఇమ్మని ఒకటే గోల” అని ఇచ్చేసింది. చాలాసేపు ఊపిరి చప్పుడు ఒకటే వినబడింది. అన్నకు మాట వెతుక్కోవడానికి టైము పడుతుంది, తొందరపెట్టకూడదు. సమ్మెటని తిడతాడనుకుంది, లేకపోతే తనని. ఎందుకు ఆపలేదే అని అడుగుతాడని కాచుకుంది.

“బుజ్జీ... ఆ పిల్లాడు... అదే... పొడుగ్గా... లేచాడా?”

“లేచాడన్నయ్యా.”

“నడిచాడా?”

“నడిచాడు. తన కాళ్ళ మీదే నడిచి గదిలోకి వెళ్ళాడు.”

మళ్ళీ ఊపిరి. తర్వాత అన్నాడు, ఒక్కొక్క మాటా జాగ్రత్తగా, పగిలే వస్తువును బల్ల మీద పెట్టినట్టు పెడుతూ, “నేను కూడా... నడిచే వెళ్ళాను కదే.”

ఆమె లేచింది. ఒక బూటు ముడి విప్పి ఉంది, అలాగే పరుగెత్తింది. పొడవాటి వరండా, ఇద్దరు మనుషులు అడ్డొచ్చారు, తోసేసింది. ఆ రోజు అన్న కూడా ఇలాంటి గదిలోనే కూర్చుని, తలనొప్పిగా ఉంది కొంచెం నీళ్ళివ్వు అన్నాడు, తను నీళ్ళు తేవడానికి వెళ్ళింది, తెచ్చేసరికి బల్ల మీద పక్కకి వాలిపోయి ఉన్నాడు. పొడుగోడి తలుపు తోసింది. వాడు చొక్కా వేసుకుని, వాళ్ళమ్మతో కాబోలు ఫోనులో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. వాడి కోచ్ సంచీ సర్దుతున్నాడు. “డాక్టరేడి?” అంది. ఇందాకే చూసి వెళ్ళారండీ, బాగానే ఉందన్నారు అన్నాడు కోచ్. “ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. తల స్కాన్ తీయించాలి. ఇప్పుడే.” బాగానే ఉన్నాను మేడమ్, కొంచెం తలనొప్పి అంతే, అన్నాడు వాడు. ఆమె వాడి చేతిలో ఫోను లాక్కుని బల్ల మీద పెట్టింది. “లే” అంది, ఇందాక ‘బాక్స్’ అన్న గొంతుతోనే. వాడు చెప్పిన మాట వినేవాడు. లేచాడు.

అంబులెన్సులో వాడి ఎదురుగా కూర్చుంది. కోచ్ ముందు సీట్లో డ్రైవరుకు దారి చెబుతున్నాడు. బయట దుకాణాల దీపాలు ఒక్కొక్కటే వాడి ముఖం మీద నుంచి జారిపోతున్నాయి. వాడు కళ్ళు మూసుకోబోతే మోకాలు తట్టింది. “నిద్రపోకు. మాట్లాడు.”

“ఏం మాట్లాడను మేడమ్?”

“ఏదైనా. ఎవరు నేర్పారు నీకు ఆట?”

వాడు చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్ళ మేనమామ గురించి, వెనకపెరట్లో కట్టిన గోనెసంచీ గురించి. ఆమె వినడం లేదు, మాటల అర్థం వినడం లేదు. ఒక్కొక్క మాట చివరా ఎలా ముగుస్తోందో, ఎక్కడైనా నాలుక మందగిస్తోందో లేదో, ఒక మాటకూ మరో మాటకూ మధ్య ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఖాళీ వస్తోందో లేదో, అది వింటోంది. మేనమామ పేరు దగ్గర వాడు ఆగాడు. ఆమె ముందుకు వంగింది, వాడి పెదవుల వైపే చూస్తూ. పేరు అందించడానికి ఆమెకు ఆ పేరు తెలియదు.

వాడు చెప్పాడు. ఆమె “ఊఁ, తర్వాత?” అంది.